పెద్దమ్మ మొక్కు, ఫెర్మిన్ మోకాలు

లెయోన్,
1982 అక్టోబరు 30

ఒరేయ్ ఫెర్మిన్,

పేపర్లో నీ ఫోటో చూశాను. బీరువాని మేడ మీంచి దింపుతున్నట్టు నలుగురు కలిసి నిన్ను మోసుకుపోతున్నారు. కింద "స్పెయిన్‌లో మన గోల్ వీరుడి మోకాలు ఛిద్రం, భవిష్యత్తు అయోమయం" అని రాశారు. ఆ రాసినవాడి భవిష్యత్తు అయోమయం గాను! పక్కింటి చోలే ఆ పేపరు తెచ్చి నా కుట్టుమిషను మీద పరిచి ఏడుపు లంకించుకుంది. దానికి ఏడవడం సరదా, నీకు తెలుసుగా. నేను మాత్రం ఏడవలేదు. చేతిలో ఉన్న బూట్ల జత కుట్టడం పూర్తిచేసి అప్పుడు చదివాను. ఆ జత కుట్టు వంకరపోయిందని ఫ్యాక్టరీవాళ్ళు తిప్పి పంపారు, అది వేరే సంగతి.

పేపర్లో ఉన్నది నాకు మళ్ళీ రాయకు. ఒక్కటే అడుగుతున్నాను, దానికి జవాబు చెప్పు. బాత్రూముకి ఎలా వెళ్తున్నావు? ఎవరు తీసుకెళ్తున్నారు? నీ తల్లి పోయినప్పుడు నీకు ఇంకా సరిగ్గా నడక రాలేదు. నడిపించినదాన్ని నేను. కాబట్టి ఆ కాలు గురించి అడిగే హక్కు డాక్టర్ల కంటే నాకే ఎక్కువ.

ఫోన్ మాత్రం చెయ్యకు. మూల కొట్టులో ఫోన్ మాట్లాడితే వీధి వీధంతా వింటుంది.

సాన్ హువాన్ ఊళ్ళో వెలసిన మరియమ్మ తల్లికి మొక్కుకున్నాను. ఏమని అడక్కు. తీరేదాకా మొక్కు నోరు దాటకూడదని మీ అమ్మమ్మ పెట్టిన కట్టుబాటు. తీరిన రోజున, బూట్ల కొట్లకి బోర్డులు రాసే దోన్ నాబోర్ చేత రేకు మీద బొమ్మ వేయించి, నడిచి వెళ్ళి అమ్మ గుడి గోడకి తగిలిస్తాను. అందరూ చేసేదే.

తిండి మానకు.

నీ పెద్దమ్మ,
రెఫుహియో


సాన్ తెల్మో రేవు,
1982 నవంబరు 21

పెద్దమ్మా,

ముందు నువ్వడిగినదానికి జవాబు. బాత్రూముకి ఉర్బానో ఎత్తుకెళ్తున్నాడు. మా క్లబ్బులో ఆటగాళ్ళకి మాలీషు చేసే మనిషి. కుర్రతనంలో చేపల పడవల మీద వలలు లాగాడట, నన్ను చంకలో పెట్టుకుని నడిచేస్తాడు. అడుగడుక్కీ దేవుణ్ణి తిడతాడు. పెళ్ళికి పిలిచినా చర్చి గడప తొక్కడు, బయట చుట్ట కాలుస్తూ నిలబడతాడు. నేను బాత్రూములో ఉన్నంతసేపూ తలుపవతల పాట పాడతాడు. ఆ గొంతు విని కాళ్ళు బాగున్నవాళ్ళు పారిపోతారు. నేనే పాపం పారిపోలేను.

నా మీద పడ్డ డిఫెండరు చెడ్డవాడు కాడు. ద్రాక్షపళ్ళు పట్టుకుని ఆసుపత్రికి వచ్చి, నా మొహం చూళ్ళేక ఒక్కొక్కటీ తనే తినేశాడు.

కుడి మోకాలు లోపల కుట్టారు. వసంతానికి కర్ర లేకుండా నడుస్తానేమో అంటున్నారు. ఆట సంగతి అడిగితే డాక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పెద్దమ్మా, నీ దగ్గర దాచను, భయంగా ఉంది. జూన్‌తో నా ఒప్పందం అయిపోతుంది. కుంటివాణ్ణి ఎవరు ఉంచుకుంటారు? ఈ ఊరివాళ్ళు నన్నెంత ప్రేమగా చూశారో నీకు తెలీదు. మొదట్లో పరాయి ఊళ్ళకి ఆడ్డానికి వెళ్తే "ఒరే బూట్లోడా, పోయి బూట్లు కుట్టుకో" అని అరిచేవారు. మావాళ్ళు ఆ మాటే తీసుకుని పాట కట్టారు. ఇప్పుడు నేను గోల్ కొడితే మైదానం మొత్తం "బూట్లోడా, బూట్లోడా" అని పాడుతుంది. ఆ పాట మళ్ళీ వింటానో లేదో.

నీ మొక్కేమిటో నాకు తెలుసులే. తెలిసినా అడగను.

వీలైతే ఎండు మిరపకాయలు పంపు. మా ఇంటావిడ సూపు చేస్తుంది, వేడినీళ్ళలో దిగులు ఉడకబెట్టినట్టు ఉంటుంది.

నీ ఫెర్మిన్


లెయోన్,
1983 జనవరి 8

నాయనా,

పార్సెల్లో బూట్లు ఉంటాయి. నేనే కుట్టాను, దూడతోలు. మిరపకాయలు ముందు భాగంలో కుక్కాను, వేసుకునే ముందు దులుపుకో, లేకపోతే ఆ రేవంతా గెంతుతూ తిరుగుతావు. ఎడమది మడమ దగ్గర కాస్త కరుస్తుందేమో. కళ్ళు మునుపట్లా లేవురా.

వీటితో బంతి తన్నకు. ఇవి నడవడానికి.

మూల కొట్టువాడు "నీ చెల్లెలి కొడుకుని క్లబ్బువాళ్ళు బయటికి తోసేస్తారంటగా" అన్నాడు. "తోస్తే ఎక్కడ పడతాడయ్యా? నా ఇంట్లో పడతాడు. కుర్చీ ఉంది, రెండో కుట్టుమిషను ఉంది, కుండలో చిక్కుళ్ళున్నాయి" అన్నాను. నోరు మూసుకుని నాకు పంచదార తూచాడు.

ఆ ఉర్బానో గారు ఎలా ఉంటాడు? లావా? మీసం ఉందా? ఊరికే అడుగుతున్నాను. దేవుణ్ణి తిడితే తిట్టనీ, నిన్ను మోస్తున్నాడు కదా. చేతులు ఖాళీ లేనివాళ్ళ మాటల్ని ఆ తల్లి పట్టించుకోదు.

నీ పెద్దమ్మ


సాన్ తెల్మో,
1983 ఫిబ్రవరి 13

పెద్దమ్మా, పెద్దమ్మా,

నడిచాను!

ఇవాళ పొద్దున సముద్రం వెనక్కి పోయినప్పుడు ఉర్బానో నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళాడు. తడిసిన ఇసక గట్టిగా ఉంటుంది, మోకాలికి మంచిదట. పాత క్లబ్బు చొక్కా వేసుకుని ప్యాంటు పైకి మడిచాను. "కర్ర ఇలా ఇవ్వు" అన్నాడు. ఇచ్చాను. రేవు గోడ దగ్గర్నుంచి రాళ్ళ దాకా నడిచాను. వచ్చేటప్పుడు ఏం పూనిందో, నాలుగడుగులు పరుగు కూడా తీశాను. పరుగంటే నువ్వు నవ్వుతావు, బాతు నడకలా ఉంది. ఉర్బానో నోట్లోంచి చుట్ట పడిపోయింది. "నీ యబ్బ, ఎవడు పరిగెత్తమన్నాడ్రా నిన్ను!" అని అరిచాడు, తర్వాత అటు తిరిగి సముద్రం కేసి చూస్తూ ముక్కు చీదుకున్నాడు.

నా కాలు నాకు తిరిగొచ్చింది పెద్దమ్మా. రెండు కాళ్ళ మీదా నిలబడి నీకు దణ్ణం పెడుతున్నాను.

అతనికి మీసం ఉంది, కొబ్బరిపీచులా. ఎందుకు అడిగావో మాత్రం అర్థం కాలేదు.

మా ఇంటావిడ నీ మిరపకాయ ఒకటి కొరికి కిటికీ తీసి వీధి కేసి నోరు తెరుచుకు నిలబడింది. ఆవిణ్ణి ఇంతకు ముందు అంత ఉత్సాహంగా ఎప్పుడూ చూడలేదు.

నీ ఫెర్మిన్


లెయోన్,
1983 మార్చి 14

నా బంగారు తండ్రీ,

మొక్కు తీర్చుకున్నాను!

నీ ఉత్తరం చోలే గట్టిగా చదివింది, నేను లోపల చదువుకున్నాను, మళ్ళీ దాని చేత చదివించాను. ఆ రోజే దోన్ నాబోర్ దగ్గరికి పరిగెత్తాను. "బోర్డు పని ఉందమ్మా, వచ్చే వారం" అన్నాడు. కదలకుండా అక్కడే కూర్చున్నాను. ఎంతసేపని భరిస్తాడు! రంగులు కలిపాడు.

అందరూ ఫిబ్రవరి పండగకి గుంపులుగా నడుస్తారు. దారి పొడుగునా నారింజలు పంచుతారు, కాళ్ళు పడతారు. నేనూ చోలే మార్చిలో నడిస్తే నారింజలా ఇంకేమన్నానా, కుక్కలు తప్ప పలకరించినవాడు లేడు. అయినా వెళ్ళాం. గోడ మీద మంచి చోటు దొరికింది, గుమ్మంలోంచి వచ్చేవాళ్ళకి ఎదురుగా కనబడుతుంది. నీ కాలు నీకు తిరిగొచ్చిందని ఇక లోకమంతా చూస్తుంది.

బొమ్మ ఎలా ఉందో చెప్పను, వచ్చి చూడు. నువ్వు మాత్రం క్లబ్బు చొక్కాలోనే ఉన్నావు, చారలతో సహా.

ఇంటికొచ్చి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుంటే ఎంత హాయిగా అనిపించిందో! ఆ తల్లి రుణం ఎలా తీర్చుకోనురా.

నీ పెద్దమ్మ


సాన్ తెల్మో,
1983 ఏప్రిల్ 3

పెద్దమ్మా,

ఎంత పని చేశావు!

నేను నడిచానని రాశాను, ఆడానని కాదు. అక్టోబరు నుంచి బంతి ముట్టుకోలేదు. నువ్వు పోయి చారల చొక్కాతో సహా, గుమ్మానికి ఎదురుగా తగిలించేశావు. లెయోన్ నుంచి వెళ్ళే ప్రతివాడూ చూస్తాడు. రేపు జూన్‌లో క్లబ్బు నన్ను పంపించేస్తే ఏమంటారు? "రెఫుహియో జరగని దానికి మొక్కు తీర్చుకుంది, అమ్మ ముందే అబద్ధమాడింది" అనరూ? నా వల్ల నీకా మాట రావడమా! దయచేసి ఆ రేకు దింపించు. వీలు కాకపోతే దోన్ నాబోర్ చేత చొక్కా అయినా మార్పించు.

దింపలేనంటావని నాకు తెలుసు. అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. మే ఒకటిన మా ఆఖరి ఆట. ఓడితే క్లబ్బు కింది తరగతికి జారిపోతుంది. డాక్టరు "ఆగస్టు దాకా ఆగు, ఇప్పుడు తిరగబెడితే మళ్ళీ నడక కూడా అనుమానమే" అంటున్నాడు. కోచ్ మాత్రం "నీ ఇష్టం ఫెర్మిన్, నువ్వు సరేనంటే దింపుతాను" అన్నాడు. సరేనన్నాను. ఉర్బానో అప్పట్నుంచి నాతో మాట్లాడ్డం లేదు. మాలీషు చేస్తాడు, తల ఎత్తడు.

నీ రేకు నిజం చేస్తాను పెద్దమ్మా. నువ్వు నాకోసం అంత దూరం నడిచావు, నేను ఒక్క పూట పరిగెత్తలేనా?

నీ ఫెర్మిన్


లెయోన్,
1983 ఏప్రిల్ 16

ఫెర్మిన్,

నీ ఉత్తరం అందింది. రెండో పేజీ దాకా పోలేదు, మొదటి పేజీకే చాలు అనిపించింది.

దింపించాలా? నలుగురూ చూస్తారని సిగ్గేసిందా? అక్కడ దొరల మధ్య ఉండి, రేకుబొమ్మలు నామోషీ అయిపోయాయన్నమాట. చొక్కా మార్పించాలట! నీకు పొంగు చూపినప్పుడు మీ అమ్మ తగిలించిన రేకు ఇంకా ఆ గోడ మీదే ఉంది, అదీ దింపించమంటావా?

తగిలించింది దింపరు. నీకు కాలు వచ్చింది, నీతో మాట్లాడే హక్కు నాకు పోయింది. అంతే.

రెఫుహియో


లెయోన్,
1983 ఏప్రిల్ 20

ఒరేయ్ సన్నాసీ,

ఇందాక చోలే నీ రెండో పేజీ చదివి కెవ్వుమంది. నిన్ను తిట్టిన ఉత్తరం అప్పుడే పోస్టులో పడింది, అందితే చింపెయ్. ఫోన్ కోసం మూల కొట్టుకి పరిగెత్తాను, లైను దొరకలేదు. వీధంతా విన్నా ఫరవాలేదనుకున్నాను, వినడానికి గుర్రుమన్న చప్పుడు తప్ప ఏం లేదు. తోలు వర్తకుడు దోన్ క్రెసెన్సియో రేపు స్పెయిన్‌లో సంతకి బయల్దేరుతున్నాడు. మే ఒకటి లోపల నీ చేతిలో పెడతానని తన తల్లి మీద ఒట్టేసి ఈ కవరు తీసుకున్నాడు.

దీంతో ఫోటో ఉంది చూడు. గోడకెక్కించే ముందు చోలే మరిది తీశాడు. బాగా చూడు. ఆ రేకు మీద బంతి ఎక్కడుందిరా? గోల్ పోస్టు ఎక్కడుంది? దోన్ నాబోర్ బంతి వేస్తానన్నాడు. "ఆటగాడికి బంతి లేకపోతే ఎలాగమ్మా, జనం నవ్వుతారు" అని నాతో వాదించాడు కూడా. "నేను బంతి కోసం మొక్కలేదు, కుంచె ఇటివ్వు" అన్నాను. సముద్రం, ఇసక, మడిచిన ప్యాంటు, పాత చొక్కా. నువ్వు రాసిందే వేయించాను, నీ మాట మీద ఒక్క గీత ఎక్కువ లేదు. నువ్వు నడిచావా లేదా? నడిచావు. మరి అబద్ధమెక్కడిది?

తీరిన మొక్కుని మళ్ళీ తీర్చడానికి నువ్వెవడివి? ఆ కాలు ఇంకోసారి విరగ్గొట్టుకున్నావంటే నిన్ను కాదు, నన్ను ఆ తల్లి ముందు దోషిని చేస్తావు. ఆడాలనుంటే నీ కోసం ఆడు, డాక్టరు చెప్పినప్పుడు ఆడు. నా కోసం మాత్రం కూర్చో. బతిమాలుతున్నాను నాన్నా, కూర్చో.

నీ పెద్దమ్మ


సాన్ తెల్మో,
1983 మే 3

పెద్దమ్మా,

కూర్చున్నాను.

ఆదివారం పొద్దున క్రెసెన్సియో గారు చెమటలు కక్కుతూ మా ఇంటికి వచ్చాడు. రాత్రంతా రైల్లో నిలబడ్డాడట. అప్పటికే నేను మైదానానికి వెళ్ళిపోయాను. మా ఇంటావిడ ఆయన్ని వెంటబెట్టుకుని, కాపలావాణ్ణి నెట్టుకుంటూ, బట్టలు మార్చుకునే గదిలోకి దూసుకొచ్చింది. సగం మంది ఒంటి మీద తువ్వాళ్ళే ఉన్నాయి. అంతా కేకలు. ఆవిడ కళ్ళు మూసుకుని "ఫెర్మిన్ ఎక్కడ, ఫెర్మిన్ ఎక్కడ" అని అరుస్తోంది.

ఉర్బానో నా మోకాలికి కట్టు కడుతున్నాడు. నీ ఉత్తరం చదివాను. ఫోటో చూశాను. అతని చేతిలో పెట్టాను. బొమ్మలో నా వెనకాల చేతిలో కర్ర, నోట్లో చుట్ట, కొబ్బరిపీచు మీసంతో నిలబడ్డ మనిషిని అతను చాలాసేపు చూశాడు. పైన మబ్బులో మరియమ్మ తల్లి. కింద ఉర్బానో. "ఇదెవరు?" అన్నాడు. "నువ్వే" అన్నాను. కట్టు విప్పడం మొదలెట్టాడు. నేను ఆపలేదు.

కోచ్ దగ్గరికి వెళ్ళి ఆడనని చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడి, "నాకూ రాత్రి నిద్ర పట్టలేదు, మంచి పని చేశావు" అన్నాడు. బెంచీ మీద కూర్చుని ఆట చూశాను. చూడ్డం ఆడ్డం కంటే కష్టం పెద్దమ్మా! ఎలా గెలిచామో అడక్కు. అవతలి డిఫెండరు బంతిని తన గోల్లో తనే వేసుకున్నాడు. ఎవరనుకున్నావు? ద్రాక్షపళ్ళవాడే. పాపం, వాడి మొహం చూళ్ళేకపోయాను. అయిపోయాక వెళ్ళి పక్కన కూర్చున్నాను, ఇంతకంటే ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆట ఆడకపోయినా జనం "బూట్లోడా" అని పాడారు, నాకు ఏడుపొచ్చింది.

క్లబ్బు అధ్యక్షుడు ఇంకో ఏడాది చూద్దామన్నాడు. ఉంచుకున్నా పంపేసినా, ఇవాళ నేను రెండు కాళ్ళతో ఉన్నాను. నన్ను నడిపించింది నువ్వు, రెండోసారి కూడా.

నీ ఫెర్మిన్

తా.క. నువ్వు తిట్టిన ఉత్తరం ఇవాళే అందింది. చింపలేదు. మా ఇంటావిడకి చదివి వినిపించాను, నీతో స్నేహం చేస్తానంటోంది.


సాన్ తెల్మో,
1989 జూన్ 26

పెద్దమ్మా,

నిన్న ఆఖరిసారి ఆడాను. ఆ ఒక్క ఏడాది ఇంతకాలం సాగుతుందని ఎవరనుకున్నారు? ఈ ఊరికి కప్పు తెచ్చాను, దేశం చొక్కా వేసుకున్నాను, మోకాలు వానొచ్చే ముందు కాస్త సలపడం తప్ప పేచీ పెట్టలేదు. నిన్న నన్ను మైదానంలోంచి పిలిచేటప్పటికి ఒక ముసలాయన కాలి బూటు విప్పి గాల్లో ఊపడం మొదలెట్టాడు. పక్కవాడు విప్పాడు. చూస్తుండగానే మైదానం మైదానమంతా ఒంటి కాలి మీద నిలబడి బూట్లు ఊపుతోంది. ముప్ఫై వేల బూట్లు పెద్దమ్మా! వాటిల్లో మన లెయోన్‌వి ఎన్ని ఉన్నాయో అనుకున్నాను.

చోలే రాసింది, నీ మోకాళ్ళు ఇప్పుడు సాన్ హువాన్ దాకా రావటంలేదట. వచ్చే పండక్కి నీ బదులు నేను నడుస్తాను. ఉర్బానో కూడా వస్తానని పట్టుబట్టాడు. "ఆ దేశంలో నా బొమ్మ ఉంది, చూసుకోవాలి. చర్చి బయటే నిలబడతాను, ముందే చెప్తున్నా" అన్నాడు.

నీ ఫెర్మిన్


సాన్ హువాన్,
1990 ఫిబ్రవరి 2

పెద్దమ్మా,

ఈ చీటీ మాతో నడిచొచ్చిన చోలే చేతికిచ్చి సాయంత్రం బస్సులో పంపుతున్నాను. మేము రేపు వస్తాం. నోటితో చెబుదామంటే నువ్వు మధ్యలో "తిన్నావా" అంటావు, అందుకని రాస్తున్నాను.

ఈసారి నారింజలు పంచారు. ఒకావిడ ఉర్బానో కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పట్టింది. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ కాళ్ళు పిసికిన మనిషి, తన కాళ్ళు ఇంకొకరు పడుతుంటే ఎటు చూడాలో తెలీక గడ్డి పీకుతూ కూర్చున్నాడు.

గుడి ముందు చుట్ట వెలిగించాడు. నేను లోపలికి వెళ్ళాను. మసి పట్టింది కానీ నీ రేకు అక్కడే ఉంది, గుమ్మానికి ఎదురుగా. కింద రాతలున్నాయని నాకు ఇన్నాళ్ళూ తెలీదు పెద్దమ్మా, ఫోటోలో అవి గీతలా కనబడేవి. వంగి చదువుతుంటే వెనక నుంచి ఎవరో నాతోపాటు పైకి చదువుతున్నారు. తిరిగి చూస్తే ఉర్బానో, టోపీ చేతిలో పట్టుకుని.

"నా చెల్లెలి కొడుకు ఫెర్మిన్ సముద్రం ఒడ్డున నడిచాడు. నేనడిగింది ఇంతే, ఇంకేమీ వద్దు. ఇందులో సగం నీకు తల్లీ, సగం వాణ్ణి బాత్రూముకి మోసిన ఉర్బానో గారికి. రెఫుహియో."

చదవడం ముగించి ఉర్బానో అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. జనం చుట్టూ తిరిగి వెళ్తున్నారు. "నా మీసం అంత లావు కాదు" అన్నాడు. లేవమంటే లేవలేదు, నేనే చంకల కింద చేతులేసి లేపి బయటికి తీసుకొచ్చాను.

రేపు చిక్కుళ్ళు కాస్త ఎక్కువ పెట్టు. అతనికి కారం వద్దు.

నువ్వు కుట్టిన బూట్లతోనే నడిచాను. ఒక్క కుట్టు ఊడలేదు. ఎడమది మడమ దగ్గర కరిచింది.

నీ ఫెర్మిన్